నగర వనాల్లో వయ్యారిభామ, లంటానా, సర్కారు తుమ్మలను అదుపు చేయడం ఎలా

రాళ్లగుట్టలు, ముళ్లపొదలు, మధ్యమధ్య గడ్డి, వానాకాలంలో నిండే చిన్న కుంటలు: దక్కను పీఠభూమి సహజ రూపం ఇది. హైదరాబాదు నడిబొడ్డున ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం, చిలుకూరు దగ్గరి మృగవని, వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి ఆ రూపానికి మిగిలిన ఆనవాళ్లు. కాలనీల చివర ఇళ్ల స్థలాలు కాకుండా మిగిలిన గుట్టల పార్కులు కూడా ఆ కోవలోనివే. వీటన్నిటిలో ఈ నేలవి కాని మూడు మొక్కలు మిగతావాటిని తోసేసి విస్తరించాయి. నేలబారున వయ్యారిభామ, నడుమెత్తున లంటానా, తలకెత్తుగా సర్కారు తుమ్మ. మూడూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. ఉదయపు నడకకు వచ్చేవారి సంఘాలు, కాలనీ సంక్షేమ సంఘాలు, కళాశాల విద్యార్థులు, పార్కు సిబ్బంది కలిసి వీటిని అదుపులోకి తెచ్చుకోవడానికి ఏ క్రమంలో పని చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ఒక్క ఆదివారం శ్రమదానంతో పార్కు శుభ్రపడుతుందన్న ఆశ చాలామందిలో ఉంటుంది. శ్రమదానం అవసరమే. అయితే ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ నెలలో చేయి వేయాలి, పెరికిన చోట ఏం మొలవాలి, మళ్లీ ఎప్పుడు రావాలి అన్న నాలుగు ప్రశ్నలకు ముందుగా జవాబు రాసుకోకుండా చేసే పని వల్ల కలుపు తగ్గకపోగా పెరుగుతుంది, ఎందుకంటే తిరగేసి వదిలేసిన ఖాళీ నేలలో మిగతా ఏ మొక్క కన్నా ముందు మొలిచేది ఈ కలుపు విత్తనమే.

అనుమతి

పని మొదలుపెట్టే ముందు ఆ నేల ఎవరి అధీనంలో ఉందో తెలుసుకోండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ ఉద్యానవనంలో మొక్కను తొలగించాలంటే, అది ఎంత పనికిరాని మొక్క అయినా, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి. పురపాలక పార్కుల్లో ఉద్యాన విభాగం రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. చెట్టు స్థాయికి ఎదిగిన వాటిని నరకాలంటే 2002 నాటి వాల్టా (నీరు, నేల, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అటవీ అధికారిని సంప్రదించాలి. దరఖాస్తులో మొక్కల పేర్లు, పని చేసే చోటు పటం, తీసిన చెత్తను ఏం చేస్తారో, ఆ చోట ఏం పెంచుతారో రాయండి. చివరి రెండు అంశాలూ రాసిన దరఖాస్తును అధికారులు శ్రద్ధగా చూస్తారు, అవి రాయడం వల్ల మన ఆలోచన కూడా స్పష్టపడుతుంది.

ముందు గుర్తుపట్టడం

కలుపు తీసే పనిలో జరిగే అతి పెద్ద నష్టం మంచి మొక్కను పెరికేయడం. అందుకే పనికి వచ్చిన ప్రతి ఒక్కరికీ మొదటి అరగంట మొక్కలను చేతికిచ్చి చూపించాలి. ఫొటోలు సరిపోవు.

వయ్యారిభామ లేతగా ఉన్నప్పుడు నేలకు అతుక్కున్నట్టు చుట్టూ ఆకులు పరుచుకుని ఉంటుంది. ఆకులు క్యారెట్ ఆకుల్లా చీలికలుగా ఉంటాయి, సన్నని నూగు ఉంటుంది. నడిమి నుంచి కాడ లేచి, కొమ్మలు వేసి, చివర్లలో తెల్లని చిన్న పూలు గుత్తులుగా పూస్తాయి. మాచిపత్రి, బంతి మొలకలు దూరం నుంచి ఇలాగే కనిపిస్తాయి. ఆ రెండింటి ఆకు నలిపితే మంచి ఘాటు వాసన వస్తుంది, దీనికి అటువంటి వాసన ఉండదు. అయితే వాసన చూడటానికి కూడా చేతికి తొడుగు ఉండాలి.

లంటానాను చాలా చోట్ల పులికంప అంటారు. నాలుగు పలకల కాండం, దాని మీద వెనక్కి వంగిన చిన్న ముళ్లు, ఎదురెదురుగా గరుకైన ఆకులు, ఒకే గుత్తిలో రెండు మూడు రంగుల పూలు దాని గుర్తులు. కాయలు పచ్చగా మొదలై పండాక నల్లని ఊదా రంగుకు తిరుగుతాయి. 1800ల తొలినాళ్లలో తోటల అందం కోసం కలకత్తాకు తెచ్చిన ఈ పొద ఈనాడు దేశంలో పులులు తిరిగే అడవుల్లో కూడా పెద్ద భాగాన్ని ఆక్రమించింది.

సర్కారు తుమ్మ విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎందుకంటే దానికి మన నేల మీద దగ్గరి పోలికలున్న మంచి చెట్లు రెండున్నాయి. మొదటిది జమ్మి. దసరా నాడు పూజించే జమ్మి, తెలంగాణ రాష్ట్ర వృక్షమైన జమ్మి, సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. రెండూ పక్కపక్కన ఉంటే కొత్తవారు పొరబడతారు. కొమ్మను పట్టుకుని ముళ్లు ఎక్కడున్నాయో చూడండి. సర్కారు తుమ్మకు ఆకు పుట్టే కణుపు దగ్గర పొడవాటి ముళ్లు జంటగా ఉంటాయి, జమ్మికి కణుపుల మధ్య కొమ్మ పొడుగునా చిన్న చిన్న ముళ్లు చెల్లాచెదురుగా ఉంటాయి. జమ్మి కాయ సన్నగా గుండ్రంగా ఉంటుంది, సర్కారు తుమ్మ కాయ చదునుగా, లేత పసుపు రంగులో, కొంచెం వంగి ఉంటుంది. రెండవది నల్లతుమ్మ. దాని ముళ్లు తెల్లగా జంటగానే ఉంటాయి కాని పూలు పసుపు పచ్చని గుండ్రని బంతుల్లా ఉంటాయి, కాయ పూసలు గుచ్చినట్టు నొక్కులుగా ఉంటుంది. సర్కారు తుమ్మ పూలు వేలి పొడవు కంకుల్లా వేలాడతాయి. పూత, కాయ లేని కాలంలో సందేహం వస్తే ఆ చెట్టును ఆ ఏటికి వదిలేయడమే సరైన పని. జమ్మి చాలా నిదానంగా పెరిగే చెట్టు. ఒక్కటి పోయినా ఆ స్థానం నిండటానికి ఏళ్లు పడుతుంది.

ఈ సర్కారు తుమ్మ మన దగ్గరికి ఎలా వచ్చిందో కూడా తెలుసుకోదగ్గది. 1877లో జమైకా నుంచి తెప్పించిన విత్తనాలను కడప జిల్లా కమలాపురం దగ్గర అటవీశాఖ వారు నాటారు. కరువు నేలల్లో వంటచెరకు దొరకాలని, బీడు పచ్చబడాలని వారి ఉద్దేశం. ఆ ఉద్దేశం నెరవేరింది కూడా. ఈనాటికీ ఎన్నో పేద కుటుంబాల పొయ్యి ఈ కట్టెతోనే వెలుగుతుంది, బొగ్గు బట్టీలు దీని మీదే నడుస్తాయి. కాబట్టి ఊరి బీడులోని తుమ్మను, వన్యప్రాణుల కోసం కాపాడుకునే పార్కులోని తుమ్మను ఒకే కంటితో చూడకూడదు. ఇక్కడ చెప్పే మాటలన్నీ పార్కు నేలకే వర్తిస్తాయి.

ఎక్కడ మొదలుపెట్టాలి

పార్కు పటాన్ని ముద్రించుకుని, ఒకరోజు అంతా తిరిగి, నేలను మూడు రకాలుగా గుర్తు పెట్టుకోండి: నాటు మొక్కలే ఎక్కువగా ఉండి కలుపు అక్కడక్కడ కనిపించే చోట్లు, సగం సగంగా ఉన్న చోట్లు, కలుపు తప్ప మరేమీ కనిపించని చోట్లు. ఎవరికైనా చేయి మూడవ రకం మీదికే పోతుంది, ఎందుకంటే అక్కడ పని చేస్తే ఫలితం సాయంత్రానికే కంటికి కనిపిస్తుంది. కాని మొదలుపెట్టవలసింది మొదటి రకం దగ్గర. అక్కడ వంద మొక్కలు తీస్తే చుట్టూ ఉన్న గడ్డి, తంగేడు, పరికి తామే ఆ ఖాళీని పూడ్చుకుంటాయి. దట్టమైన చోట అంతే శ్రమతో తీసిన ఖాళీని పూడ్చడానికి దగ్గరలో మంచి మొక్క ఉండదు.

ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో 1960లలో బ్రాడ్లీ అక్కచెల్లెళ్లు తమ ఇంటి దగ్గరి పొదల వనంలో ఇదే క్రమాన్ని పాటించారు. బాగున్న చోటు నుంచి పాడైన చోటుకు వెళ్లడం, నేలను వీలైనంత తక్కువగా కదపడం, నాటు మొక్క ఎంత వేగంగా తిరిగి వస్తుందో అంత వేగంగానే ముందుకు సాగడం అన్నవి వారు పెట్టుకున్న నియమాలు. లంటానా అక్కడ కూడా పెద్ద సమస్యే కాబట్టి వారి అనుభవం మన గుట్టలకు నేరుగా పనికొస్తుంది. వారి మూడు నియమాల్లో ముఖ్యమైనది, మనం తరచుగా మరిచేది, చివరిది. జనం ఎంతమంది వస్తే అంత నేల తీయకూడదు. మళ్లీ వచ్చి చూసుకోగలిగినంత నేల మాత్రమే తీయాలి.

కలుపే నిండిన చోట్ల కూడా అదే ఏడాది చేయవలసిన పని ఒకటుంది: అంచులను కాపాడడం. నడకదారి వెంబడి, నీరు పారే వాగు వెంబడి రెండు మూడు మీటర్ల మేర విత్తనం పడకుండా చూస్తే మిగతా పార్కుకు కలుపు చేరే దారులు మూసుకుపోతాయి.

వయ్యారిభామ

తొలకరి పడిన వారం పది రోజుల్లో వయ్యారిభామ మొలుస్తుంది, మొలిచిన నెల రోజులకే పూతకు వస్తుంది. ఒక్కో మొక్క పదిహేను వేల నుంచి పాతిక వేల దాకా విత్తనాలు రాలుస్తుందని వ్యవసాయ శాస్త్రవేత్తల అంచనా. తడి ఉంటే ఏడాదిలో మూడు నాలుగు తరాలు గడిచిపోతాయి. 1950ల మధ్యలో పుణే దగ్గర గమనించిన మొక్క దేశమంతటికీ వ్యాపించడానికి కారణం ఈ వేగమే. అందువల్ల దీన్ని తీయడానికి సరైన కాలం మొలకకూ పూతకూ మధ్య ఉండే ఆ మూడు నాలుగు వారాలే. తెలంగాణలో అది సాధారణంగా జూన్ చివరి నుంచి జూలై చివరి దాకా వస్తుంది. లాన్లకు నీరు పెట్టే పార్కుల్లో మాత్రం ఏడాది పొడవునా మొలుస్తూనే ఉంటుంది కాబట్టి అక్కడ నెలనెలా చూడాలి.

వాన పడిన మర్నాడు, నేల మెత్తగా ఉన్నప్పుడు, కాండాన్ని నేలకు ఆనించి పట్టుకుని నిలువుగా లాగాలి. వేరు మొత్తం రావాలి. మొదలు తెగి వేరు లోపల ఉండిపోతే అక్కడి నుంచి మళ్లీ చిగుళ్లు వస్తాయి. తెగిన చోట తొలికతో వేరును తవ్వి తీయండి. గడ్డి కోసే యంత్రంతో దీన్ని కోయించడం చాలా పార్కుల్లో అలవాటుగా జరుగుతోంది. కోసిన మొక్క కింది నుంచి కొమ్మలు వేసి, యంత్రానికి అందనంత పొట్టిగా ఉండగానే పూస్తుంది. పైగా విత్తనం యంత్రానికి అంటుకుని పక్క లాన్‌కు చేరుతుంది. కోయడం మానిపించగలిగితే సగం పని అయినట్టే.

ఈ మొక్క మనుషులకు చేసే హాని చిన్నది కాదు. చర్మం మీద దద్దుర్లు, దురద, పుప్పొడి వల్ల తుమ్ములు, ఆయాసం వస్తాయి, కొందరిలో చర్మవ్యాధి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఉబ్బసం, చర్మపు అలర్జీ ఉన్నవారిని ఈ పనికి పిలవకూడదు. వారు పటం గీయడం, మొక్కల నర్సరీ చూసుకోవడం వంటి పనులు చేయవచ్చు. మిగతావారు మోచేతుల దాకా వచ్చే రబ్బరు తొడుగులు, పొడుగు చేతుల చొక్కా, ముక్కుకు మాస్కు తప్పకుండా వేసుకోవాలి. పారిశుద్ధ్య కార్మికులతో వట్టి చేతులతో ఈ పని చేయించడం నేటికీ చూస్తున్నాం. పార్కు ఎంత శుభ్రపడినా ఆ పద్ధతిని అంగీకరించకూడదు. తొడుగులు ఇవ్వలేని రోజున పని ఆపడమే న్యాయం. ఇంటికి వెళ్లాక ఆ బట్టలను విడిగా ఉతకాలి.

పూత రాకముందు పెరికినవాటిని గుంతలో ఎరువుగా మార్చవచ్చు. నీరు నిలవని చోట గుంత తీసి, ఒక పొర మొక్కలు, దాని మీద పేడనీళ్లు, పలచగా మట్టి, మళ్లీ మొక్కలు ఇలా నింపి, పైన మట్టితో మూసి పేడతో అలికి నాలుగైదు నెలలు వదిలేయాలి. ఒక్క పువ్వు కనిపించినా ఆ మొక్కను గుంతలో వేయవద్దు. పెరికిన తర్వాత కూడా పూత విత్తనంగా ముదరగలదు. పూసినవాటిని మందపాటి సంచుల్లో మూతి కట్టి, ఎండలో నల్ల ప్లాస్టిక్ షీటు కింద పూర్తిగా మాడిపోయేదాకా ఉంచాలి. తగలబెట్టడం మాత్రం వద్దు. నగరంలో చెత్త కాల్చడం నిషిద్ధం, ఎండిన పొదల మధ్య నిప్పు పెట్టడం మరీ ప్రమాదం.

వానాకాలంలో వయ్యారిభామ ఆకులు జల్లెడలా తూట్లు పడి, వాటి మీద లేత పసుపు రెక్కలకు ముదురు చారలున్న చిన్న పెంకుపురుగులు కనిపిస్తే సంతోషించండి. అవి మెక్సికో నుంచి తెప్పించి, పరీక్షలు చేసి, 1984లో బెంగళూరు ప్రాంతంలో తొలిసారి విడుదల చేసిన పురుగులు. వాటి పిల్లలు, పెద్దవి కూడా ఈ మొక్క ఆకునే తిని బతుకుతాయి. ఎండాకాలంలో మట్టిలోకి వెళ్లి నిద్రిస్తాయి కాబట్టి వాటి మీదే ఆధారపడలేం, కాని అవి విరివిగా ఉన్న గుంపును ఆ నెలకు వదిలిపెట్టి, మరో చోట పని చేయడం మంచిది.

లంటానా

లంటానాను కొడవలితో నరికితే మొదలు నుంచి నాలుగింతలు కొమ్మలు వస్తాయి. కాల్చినా అంతే. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య సి.ఆర్. బాబు బృందం ఉత్తరాది అడవుల్లో పని చేసి చూపిన పద్ధతి తేలికైనది, ఖర్చు లేనిది. పొద కాండాలన్నీ ఒక్క చోట కలిసే మొదలు ఉంటుంది. కొత్త చిగుళ్లు వచ్చేది ఆ మొదలు నుంచే, దాని కింది వేరు నుంచి రావు. కాబట్టి మొదలు చుట్టూ మట్టిని కొద్దిగా తొలగించి, నేలకు మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల లోతున తల్లివేరును గడ్డపారతో ఒక్క దెబ్బకు తెంపాలి. ఒకరు పొదను దుడ్డుకర్రతో పక్కకు వంచి పట్టుకుంటే మరొకరు తెంపుతారు. తర్వాత పొద మొత్తాన్ని తలకిందులుగా, వేరు ఆకాశం వైపు ఉండేలా పడేయాలి. కొమ్మలు తడి నేలకు ఆనితే కణుపుల దగ్గర వేర్లు వేస్తాయి, అందుకే వీలైతే బండ మీద వేయండి. ఈ పద్ధతిలో పెద్ద గుంత పడదు, నేల తిరగబడదు.

కాయలు నల్లబడక ముందే ఈ పని పూర్తి కావాలి. పండ్లున్న పొద అయితే ముందు గుత్తులను తుంచి సంచిలో వేసుకుని, తర్వాత వేరు తెంపండి. పిగిలిపిట్టలు, గోరింకలు ఈ పండ్లు తిని తాము వాలే చెట్ల కింద విత్తనాలు విడుస్తాయి. అందువల్ల మళ్లీ వచ్చే ఏడు చూడవలసిన చోటు ముఖ్యంగా పెద్ద చెట్ల నీడ. అక్కడ వానాకాలంలో మొలిచిన లంటానా మొక్కలు చేత్తో పెరికితే వచ్చేస్తాయి, రెండేళ్లు ఆలస్యమైతే గడ్డపార కావాలి.

నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది లంటానాను ఒకేసారి మొత్తం తీసేయాలన్న తొందర. ఎన్నో ఏళ్లుగా మిగతా పొదలు లేని చోట నెమళ్లకు, కుందేళ్లకు, ఎన్నో చిన్న పిట్టలకు అదే నీడ, అదే గూడు. సీతాకోకచిలుకలు దాని తేనె మీద బతుకుతున్నాయి. ఏటా పదోవంతో ఐదోవంతో తీస్తూ, తీసిన చోట నాటు పొద నడుమెత్తు పెరిగాకనే పక్క గుంపులో చేయి పెట్టాలి. నెమళ్లు, చాలా పిట్టలు గుడ్లు పెట్టేది వానాకాలంలోనే కాబట్టి ప్రతి పొదనూ ముందు వంగి చూసి, గూడు ఉంటే ఎర్ర గుడ్డ కట్టి వదిలేయండి.

పొదలోకి చేయి పెట్టే ముందు పొడుగు కర్రతో కదిలించడం మరిచిపోవద్దు. రక్తపింజరలు, తేళ్లు ఈ నీడలో ఉంటాయి. మోకాలి దాకా గమ్ బూట్లు వేసుకోవాలి. పాము మందు దొరికే దగ్గరి ఆసుపత్రి ఏదో, అక్కడికి తీసుకెళ్లే వాహనం ఏదో పని మొదలయ్యే ముందే అందరికీ చెప్పాలి. కాటు పడితే కట్లు బిగించడం, కోయడం చేయకుండా, ఆ అవయవాన్ని కదలనీయకుండా వెంటనే తరలించాలి.

తీసిన లంటానాను పశువులకు వేయకూడదు, అది వాటి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఎండిన కాడలు మాత్రం పనికొస్తాయి. కర్ణాటకలోని మలె మహదేశ్వర కొండల్లో సోలిగ గిరిజనులు ఆ కాడలతో కుర్చీలు, బుట్టలు అల్లుతున్నారు.

సర్కారు తుమ్మ

దీన్ని వయసును బట్టి మూడు రకాలుగా చూడాలి. మోకాలెత్తు లోపు మొక్కలను వాన తర్వాత చేత్తోనో గడ్డపారతోనో వేరుతో సహా తీయవచ్చు. చేతి మణికట్టు లావు దాకా ఉన్నవాటికి మొదలు చుట్టూ జానెడు నుంచి మూరెడు లోతు తవ్వి, వేరు పైభాగం మొత్తం వచ్చేలా నరకాలి. నేల మట్టానికి నరికి వదిలేస్తే ఆరు నెలల్లో ఒక చెట్టు బదులు ముళ్లగుబురు తయారవుతుంది. అప్పుడు దాని దగ్గరికి పోవడం కూడా కష్టం.

పెద్ద చెట్ల విషయంలో యంత్రం వాడాలా వద్దా అన్న ప్రశ్న వస్తుంది. ప్రహరీ పక్కన, పాత కట్టడాల చెత్త పోసిన చోట, అంటే ముందే నేల పాడైపోయిన చోట, జేసీబీతో వేర్లు పెళ్లగించడం అర్థవంతమే. పార్కు లోపలి సహజ నేల మీదికి మాత్రం యంత్రాన్ని రానివ్వకండి. అది ఒక్క తుమ్మను తీసి, ఏళ్లుగా మట్టిలో దాగి ఉన్న వయ్యారిభామ విత్తనాలను వెలుగులోకి తెస్తుంది. అక్కడ చెట్టును నరికి, మొదలును తవ్వి తీయలేకపోతే, వచ్చిన చిగుళ్లను నెలకొకసారి విరిచేస్తూ పోవాలి. ఓపిక కావాలి, కాని వేరులో దాచుకున్న బలం అలా తరుగుతుంది. కొంగలు, గబ్బిలాలు ఆశ్రయించిన పెద్ద తుమ్మ ఉంటే దాని కింద రాలే కాయలను ఏరుతూ చెట్టును అలాగే ఉంచడం మంచిది.

కాయల మీద పశువులకు, మేకలకు, జింకలకు ఎంతో ఇష్టం. తిన్న కాయల్లోని గింజలు పేడలో క్షేమంగా బయటపడి ఇంకా బాగా మొలుస్తాయి. కాబట్టి కాయలు పండి రాలకముందే ఆ ఏడు తీయాలనుకున్న చెట్లను తీసేయాలి. ముల్లు మామూలు చెప్పు అడుగులోకి సులువుగా దిగబడుతుంది, గుచ్చుకుంటే చీము పడుతుంది. మందపాటి అడుగున్న బూట్లు, తోలు తొడుగులు, ధనుర్వాతం టీకా ఈ పనికి తప్పనిసరి.

ఈ కట్టెకు ధర ఉంది. అందుకే చాలా పార్కుల్లో ఈ పనిని గుత్తకు ఇస్తారు. గుత్తేదారుకు కావలసింది కట్టె, పార్కుకు కావలసింది వేరు బయటికి రావడం. ఒప్పందంలో కట్టె బరువును బట్టి లెక్క కడితే పైభాగం పోయి మొదళ్లు మిగులుతాయి, రెండేళ్లకు మళ్లీ అదే కట్టె, మళ్లీ అదే గుత్త. తీసిన మొదళ్ల లెక్కన చెల్లించాలి, పన్నెండు నెలల తర్వాత చిగుళ్లు లేవని చూసుకునేదాకా కొంత సొమ్ము ఆపి ఉంచాలి. ఇటువంటి షరతు పెట్టించడానికి కాలనీ సంఘం ఒక్క వినతిపత్రం ఇచ్చినా ఉపయోగం ఉంటుంది.

మందులు చల్లడం గురించి

పిల్లలు ఆడుకునే, నెమళ్లు మేసే, వాన నీరు కుంటలోకి పారే నేలలో కలుపు మందు వద్దన్నది నా స్పష్టమైన అభిప్రాయం. చాలామంది అడిగే గ్లైఫోసేట్‌ను లైసెన్సున్న పురుగు నివారణ సంస్థల ద్వారా తప్ప వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. అది ఏ మొక్కనూ విడిచిపెట్టదు, కలుపుతో పాటు తంగేడూ పోతుంది. ఉప్పునీళ్లు చల్లమని చెప్పేవారున్నారు. రోడ్డు వారన, రాళ్ల మధ్య అది వయ్యారిభామను మాడ్చగలదు కాని, పార్కు మట్టిలో మిగిలిన ఉప్పు రేపు మనం పెంచాలనుకున్న మొక్కను కూడా మొలవనివ్వదు.

తీసిన చోట ఏం మొలవాలి

ఖాళీని ముందు గడ్డితో నింపాలి, తర్వాత పొదతో, చివరికి చెట్టుతో. శ్రమదానాల్లో దీనికి తలకిందులుగా నేరుగా పెద్ద చెట్ల మొక్కలు నాటుతారు. వాటి మధ్య నేల ఏళ్లపాటు ఖాళీగా ఉండి వయ్యారిభామకు పొలమవుతుంది. గరిక కణుపులు, అదే పార్కులో ఏరిన బోదగడ్డి విత్తనాలు తొలకరికి ముందే చల్లండి. వయ్యారిభామ దట్టంగా ఉన్న చోట తగిరిస విత్తనం చల్లడం మంచి ఫలితమిస్తుందని మన వ్యవసాయ సంస్థలు చెబుతున్నాయి. తగిరిస కాయలను వానాకాలం చివర ఏరి దాచి, ఏప్రిల్, మే నెలల్లో ఆ గుంపుల్లో చల్లితే, తొలకరికి రెండూ కలిసి మొలిచి, తగిరిస దట్టంగా పెరిగి వయ్యారిభామకు వెలుగు అందనివ్వదు.

పొదల్లో మొదటి స్థానం తంగేడుది. దాని విత్తనం పైపొర గట్టిది కాబట్టి బాగా వేడి నీళ్లలో వేసి, నీళ్లు చల్లారి రాత్రంతా నానాక విత్తితే త్వరగా మొలుస్తుంది. పరికి, బలుసు, వాక, వావిలి లంటానా తీసిన చోట చక్కగా నిలబడతాయి. పక్షులకు పండ్లు, నీడ ఇవే ఇస్తాయి. తర్వాతి ఏళ్లలో మోదుగ, బిల్లుడు, తెల్లతుమ్మ, ఉసిరి, జమ్మి. నర్సరీ నుంచి తెచ్చే మొక్కల కన్నా పార్కులోనే విత్తనం ఏరి పెంచుకున్నవి మేలు. వానాకాలం చివర పూసే గునుగును కలుపు పేరుతో పెరకవద్దు, బతుకమ్మకు దాని కోసం ఇప్పుడు మైళ్లు తిరగవలసి వస్తోంది.

లెక్క రాసుకోవడం

ప్రతి గుంపుకూ ఒక సంఖ్య ఇచ్చి, ఒక రాయి మీద గుర్తు పెట్టి, అక్కడి నుంచి ఏటా అదే నెలలో అదే దిక్కుకు ఫొటో తీయండి. పుస్తకంలో తేదీ, ఎంతమంది, ఎన్ని గంటలు, ఏ మొక్క ఏ దశలో ఉంది అన్న నాలుగు విషయాలు చాలు. మొదటి ఏడు పది గంటలు పట్టిన గుంపుకు మూడవ ఏడు గంట పట్టిందంటే పని సరైన దారిలో ఉంది. గంటలు తగ్గకపోతే విత్తనం ఎక్కడి నుంచో వస్తోందని అర్థం, ఆ దారిని వెతకాలి. ఏటా ఆగస్టు 16 నుంచి 22 దాకా జరిగే పార్థీనియం (వయ్యారిభామ) అవగాహన వారాన్ని చాలా సంస్థలు తొలి పెరుకుడుకు వాడుకుంటాయి. అప్పటికి మన దగ్గర తొలి పూత వచ్చేసి ఉంటుంది. తొలి పెరుకుడు జూలైలోనే ముగించి, ఆ వారాన్ని రెండవ విడత తనిఖీకి, పాఠశాల పిల్లలకు మొక్కను దూరం నుంచి చూపించడానికి కేటాయించండి.

విత్తనం కొత్తగా వచ్చే దారుల్లో పెద్దది బయటి నుంచి తెచ్చే మట్టి. పూల మడుల కోసం, లాన్ల కోసం లారీలతో వచ్చే ఎర్రమట్టిలో, మాగని పశువుల ఎరువులో కలుపు విత్తనం ఉండకుండా ఉండదు. నర్సరీ కుండీల్లో కూడా మొలకలు వస్తాయి. నేల కప్పడానికి అమ్మే పసుపు పూల వెడెలియా తీగ అయితే తానే చొరబాటు మొక్క, తెగిన ప్రతి ముక్కా వేరు వేస్తుంది. దాన్ని కొనవద్దని ఉద్యాన సిబ్బందికి రాసి ఇవ్వండి. మట్టి తప్పనిసరిగా తేవలసి వస్తే గేటు పక్కన గచ్చు మీద పలచగా పరిచి, రెండు మూడు వారాలు తడుపుతూ, మొలిచినవన్నీ పూతకు రాకముందే తీసేసి, ఆ తర్వాతే లోపలికి తీసుకెళ్లండి.